అబిడ్స్‌లో దొరికిన సోవియట్ షేక్‌స్పియర్ పుస్తకం: ఎవరీ మొరోజోవ్?

ముందు మీ ప్రశ్నని రెండు ముక్కల్లో చెప్పుకుని మొదలుపెడతాను. మీరు ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నారు. ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలు చూస్తుంటే, 1966లో మాస్కో ప్రోగ్రెస్ పబ్లిషర్స్ ఇంగ్లీషులో వేసిన ‘షేక్‌స్పియర్ ఇన్ ది సోవియట్ యూనియన్’ వ్యాససంపుటం దొరికింది. అందులో మిఖాయిల్ మొరోజోవ్ అనే ఆయన రాసింది మీకు బాగా నచ్చింది. ప్రాజెక్టులో వాడుకుంటానంటే మీ గైడ్ ‘అదంతా పార్టీ ప్రచారం, పక్కన పెట్టు’ అన్నారు. అసలు సోవియట్ దేశంలో ఇంగ్లీషు సాహిత్యం మీద జీవితమంతా పనిచేయడం ఎలా కుదిరింది, ఆ మనిషి ఎవరు, ఆయన రాసింది నమ్మొచ్చా అన్నది మీ ప్రశ్న.

నా జవాబు సూటిగా చెప్తాను. వాడుకోండి. మొరోజోవ్ 20వ శతాబ్దపు మంచి షేక్‌స్పియర్ పండితుల్లో ఒకరు. ఇంగ్లండ్‌లోనూ ఆయన్ని అలాగే చూశారు. 1949లో కేంబ్రిడ్జి వాళ్ళు ఏటా వేసే ‘షేక్‌స్పియర్ సర్వే’ వ్యాసాల వరసలో రెండో సంపుటంలో ఆయన వ్యాసం వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు సోవియట్ రంగస్థలం మీద షేక్‌స్పియర్ గురించి ఆయన రాసిన చిన్న పుస్తకం లండన్‌లో అచ్చయితే, దానికి ముందుమాట రాసింది డోవర్ విల్సన్. కేంబ్రిడ్జి షేక్‌స్పియర్ సంపాదకుడిగా మీ సిలబస్‌లోనే ఆయన పేరు ఉంటుంది. ఉత్త ప్రచారానికి ఆయన తన పేరు జోడించే మనిషి కాదు.

అయితే మీ గైడ్ గారి అనుమానం ఊరికే వచ్చింది కాదు. ఆ సంపుటంలోనే ప్రచారం వాసన వచ్చే పేజీలున్నాయి. ఏ పేజీ ఏదో తెలియాలంటే ఆ మనిషి ఎలా బతికాడో కొంచెం తెలియాలి. అందుకే ఇంత పొడుగు జవాబు.

నా సంగతి ఒక్క మాట. 1981 నుంచి 1986 దాకా మాస్కోలో రష్యన్ భాషాసాహిత్యాలు చదువుకున్నాను. తిరిగొచ్చాక ముప్పై ఏళ్ళ దాకా డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. మొరోజోవ్‌ని నేను చూడలేదు, నేను పుట్టకముందే పోయాడు. ఆయన పుస్తకాలతో మాత్రం నలభై ఏళ్ళ పరిచయం.

మొదట ఆయన్ని చూసింది బొమ్మలో

1983లో ట్రెత్యకోవ్ గ్యాలరీకి వెళ్ళాను. రష్యన్ చిత్రకారుడు సెరోవ్ చిత్రాలున్న గదిలో ఒక చిన్నపిల్లాడి బొమ్మ దగ్గర ఆగిపోయాను. తెల్లటి చొక్కా, చెదిరిన నల్లజుట్టు. కుర్చీ రెండు చేతుల్నీ గట్టిగా పట్టుకుని, ఇప్పుడే దిగి పరిగెత్తబోతున్నట్టు ముందుకు వంగి ఉన్నాడు. పెద్ద నల్లని కళ్ళు మనవైపు చూడవు. పక్కన ఏదో జరుగుతున్నట్టు అటే చూస్తుంటాయి, నోరు కాస్త తెరిచి ఉంటుంది. కింద ‘మీకా మొరోజోవ్, 1901’ అని ఉంది. పక్కనే నిలబడ్డ మా రష్యన్ టీచరు చెప్పింది, ‘ఈ పిల్లాడే పెద్దయ్యాక షేక్‌స్పియర్ పండితుడయ్యాడు’ అని. అంతవరకు నాకు రెండు పేర్లూ వేరువేరు.

ఆయన 1897లో మాస్కోలో పుట్టాడు. మొరోజోవ్‌లంటే రష్యాలో బట్టల మిల్లుల కుటుంబం. తండ్రి మిఖాయిల్ అబ్రామొవిచ్ చిత్రాలు సేకరించేవాడు. గొగాన్, వాన్‌గో చిత్రాల్ని రష్యాకి తెచ్చిన తొలి తరం వాళ్ళలో ఆయనొకడు. 1903లో, 33 ఏళ్ళకే పోయాడు. ఆయన సేకరణని తల్లి మార్గరీతా 1910లో ట్రెత్యకోవ్ గ్యాలరీకి ఇచ్చేసింది. మాతీస్ చిత్రాల వల్ల ప్రపంచమంతా తెలిసిన ఇవాన్ మొరోజోవ్ ఈ పిల్లాడికి బాబాయి. తల్లి ఇంట్లో కవులు, తాత్వికులు చేరి సాహిత్యగోష్ఠులు జరిగేవి.

1917 తర్వాత ఇదంతా పోయింది. బాబాయి దేశం వదిలి వెళ్ళాడు. తల్లి వెళ్ళలేదు. ఒకప్పటి తన ఇంట్లోనే కింది గదుల్లో చాలాకాలం బతికింది. కొడుకూ దేశంలోనే ఉండిపోయాడు. మిల్లు యజమాని కొడుకు అన్న ముద్ర ఆ రోజుల్లో ఎంత బరువో మనకి ఊహించడం కష్టం. ఏ ఫారం నింపినా ‘సామాజిక మూలం’ అన్న గడి ఉండేది. అలాంటి మనిషి విదేశీ సాహిత్యాన్ని వృత్తిగా ఎంచుకోవడం, అదీ ఇంగ్లండ్ సాహిత్యాన్ని, తేలికైన నిర్ణయం కాదు.

మరి ఎలా కుదిరింది?

మీ ప్రశ్నలో అసలు ముడి ఇదే. నాకు తెలిసినంతలో మూడు సంగతులు కలిశాయి.

మొదటిది, షేక్‌స్పియర్‌కి అక్కడ పర్మిట్ ఉంది. మార్క్స్ షేక్‌స్పియర్‌ని ప్రాణంగా ప్రేమించేవాడు. 1844 రాతప్రతుల్లో డబ్బు గురించి చెబుతూ ‘టైమన్ ఆఫ్ ఏథెన్స్’ నుంచి పొడుగాటి ఉల్లేఖన తీసుకున్నాడు. నాటకం ఎలా రాయాలో జర్మన్ సోషలిస్టు నాయకుడు లస్సాల్‌కి చెప్పేటప్పుడు మార్క్స్, ఎంగెల్స్ ఇద్దరూ షేక్‌స్పియర్‌నే చూపించారు. దాంతో షేక్‌స్పియర్ మీద పనిచేసే వాడిని ‘నీకెందుకిది’ అని అడగడం కష్టమైంది. డికెన్స్, బైరన్, బర్న్స్ కూడా ఈ నీడలోనే నిలబడ్డారు. కొత్తవాళ్ళకి ఈ నీడ లేదు. జాయిస్ ‘యులిసిస్’ అనువాదం 1935లో ఒక మాస్కో పత్రికలో ధారావాహికగా మొదలై, 1936లో మధ్యలో ఆగిపోయింది. పూర్తి నవల రష్యన్‌లో రావడానికి 1989 దాకా పట్టింది. అదే ఇంగ్లీషు సాహిత్యం, అదే దేశం. ఏ రచయితని పట్టుకున్నావన్నదాన్ని బట్టి ఉద్యోగమో, ఊచలో.

రెండోది, థియేటర్. ఇది మనవాళ్ళు సరిగా గుర్తించరు. సోవియట్ దేశంలో షేక్‌స్పియర్ క్లాసురూముకంటే రంగస్థలం మీద ఎక్కువ బతికాడు, ఒక్క రష్యన్‌లోనే కాదు, అనేక భాషల్లో. 1935 ఒక్క ఏడాదే తీసుకోండి. ఫిబ్రవరిలో మాస్కో యూదు థియేటర్‌లో మిఖోయెల్స్ ‘కింగ్ లియర్’ వేశాడు. డిసెంబరులో మాలీ థియేటర్‌లో ఒస్తూజెవ్ ‘ఒథెల్లో’ వేశాడు. ఒస్తూజెవ్‌కి చెవులు వినపడవు. తన గొంతు తనకే వినిపించని నటుడు ఆ సంగీతం లాంటి మాటల్ని పలికాడు. జనం ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. ఇలా వందల థియేటర్లు షేక్‌స్పియర్‌ని వేస్తుంటే దర్శకులకీ నటులకీ ఒక మనిషి కావాలి. ‘ఈ మాటకి అర్థం ఏంటి? ఇక్కడ ఈయన నవ్వుతున్నాడా, ఏడుస్తున్నాడా? ఈ టోపీ సంగతేంటి?’ అని అడిగితే చెప్పేవాడు. ఆ మనిషే మొరోజోవ్. అఖిల రష్యా థియేటర్ సంఘంలో షేక్‌స్పియర్ విభాగాన్ని ఆయనే నడిపాడు. 1939 నుంచి ఏటా షేక్‌స్పియర్ సదస్సులు పెట్టించాడు. యుద్ధం ఇంకా ముగియని 1944లో ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో షేక్‌స్పియర్ ఉత్సవం జరిగింది. ఆ సంవత్సరం ఆ దేశం ఏ స్థితిలో ఉందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మూడోది ఆయన ఎంచుకున్న పని తీరు. నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే.

ఆయన టీకాకారుడు

మన పాత పుస్తకాల్లో పద్యం కింద ప్రతిపదార్థం, ఆ తర్వాత తాత్పర్యం ఉంటాయి కదా. మొరోజోవ్ చేసింది ప్రతిపదార్థం. ‘ఒథెల్లో’, ‘హామ్లెట్’ నాటకాల్ని ఆయన పద్యంగా అనువదించలేదు. వచనంలో, మాటకి మాటగా అనువదించాడు. కింద వివరణలు రాశాడు. రంగస్థలం మీద పలకడానికి కాదు అవి. ఇంగ్లీషు రాని దర్శకుడు బల్ల మీద పెట్టుకుని, మూలంలో సరిగ్గా ఏముందో తెలుసుకోవడానికి. 1941లో షేక్‌స్పియర్ నాటకాలకి విడిగా వ్యాఖ్యానాల పుస్తకం కూడా తెచ్చాడు.

మన మెదక్ కొలచాల మల్లినాథసూరి తన వ్యాఖ్యానాల ముందు పెట్టుకున్న నియమం మీకు తెలిసే ఉంటుంది: ‘నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షితముచ్యతే’. మూలంలో లేనిది ఏదీ రాయను, అక్కర్లేనిది ఏదీ చెప్పను అని. మొరోజోవ్ మంచి పేజీలు చదివినప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తొస్తుంది. ఆ కాలంలో ఇదే ఆయన్ని కాపాడిందని కూడా నా నమ్మకం. ‘షేక్‌స్పియర్ ఏ వర్గం కవి?’ అన్న ప్రశ్నకి జవాబు పార్టీతో పాటు మారుతూ వచ్చింది. 1930ల మొదట్లో బూర్జువా వర్గపు మానవతావాది అన్నారు, కొన్నేళ్ళకి ప్రజాకవి అన్నారు. స్మిర్నోవ్ అనే మరో గొప్ప పండితుడు 1934లో రాసిన పుస్తకం ఈ ప్రశ్నల్లో కూరుకుపోయి, ఇప్పుడు చదువుతుంటే చాలా చోట్ల పాతబడిపోయింది. కానీ ‘ఈ మాట ఎలిజబెత్ కాలంలో ఇంకో అర్థంలో వాడేవారు’ అన్న వివరణ ఏ తీర్మానం వచ్చినా పాతబడదు.

కవి పాస్తెర్నాక్‌తో ఆయన సంబంధం చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. పాస్తెర్నాక్ ‘హామ్లెట్’ అనువాదం 1940లో పత్రికలో, మరుసటేడు పుస్తకంగా వచ్చింది. మూలానికి దూరం పోయాడని కొందరు విరుచుకుపడ్డారు. మొరోజోవ్ 1941లో ‘తియాత్ర్’ పత్రికలో ఆ అనువాదం మీద వివరంగా రాశాడు. మాటకి మాట పట్టుకుని కూర్చునే మనిషి, స్వేచ్ఛగా అనువదించిన కవిని తప్పు పట్టాలి కదా అనుకుంటాం. ఆయన తూచి రాశాడు, ఆ అనువాదంలోని పాత్రలు బతికి మాట్లాడుతున్నాయని గుర్తించాడు. తర్వాత యుద్ధకాలంలో చిస్తొపోల్ అనే ఊళ్ళో తలదాచుకున్న పాస్తెర్నాక్ ఆయనకి రాసిన ఉత్తరాలు అచ్చయ్యాయి. ఒక్కోచోట కవికి చిరాకు వచ్చినట్టు తెలుస్తుంది. దిద్దమని అడిగితే ఏ కవికి నచ్చుతుంది? అయినా 1940 నుంచి 1951 దాకా పాస్తెర్నాక్ వరసగా ఏడు నాటకాలు తెచ్చాడు. సొంత కవిత్వం అచ్చుకాని రోజుల్లో ఆయనకి అన్నం పెట్టింది ఈ అనువాదాలే. ప్రతిపదార్థం రాసేవాడు, కవి ఒకరికొకరు అవసరమైన కాలం అది.

మరో కవి మర్షాక్ విషయంలోనూ అంతే. సానెట్లకి మర్షాక్ చేసిన అనువాదం 1948లో పుస్తకంగా వచ్చింది, చివర మొరోజోవ్ వ్యాసం ఉంది. మరుసటేడు దానికి స్టాలిన్ బహుమతి వచ్చింది. ఇప్పటికీ రష్యన్‌లో సానెట్ అంటే చాలామందికి నోటికొచ్చేది మర్షాక్ పాఠమే.

‘ఒథెల్లో’ దగ్గర కాసేపు

మీ ప్రాజెక్టుకి నేరుగా పనికొచ్చే సంగతికి వస్తాను. 1949 వ్యాసం పేరు ‘ది ఇండివిడ్యువలైజేషన్ ఆఫ్ షేక్‌స్పియర్స్ క్యారెక్టర్స్ త్రూ ఇమేజరీ’. మీకు దొరికిన సంపుటంలోది వేరే వ్యాసం, పాత్రలు నాటకం పొడుగునా ఎలా మారుతూ పోతాయో చెప్పేది. రెండూ కలిపి చదవాలి.

కెరొలైన్ స్పర్జన్ 1935లో షేక్‌స్పియర్ పదచిత్రాలన్నిటినీ పోగుచేసి లెక్కపెట్టింది. వాటినుంచి షేక్‌స్పియర్ అనే మనిషి ఇష్టాయిష్టాలేంటో కనుక్కోవాలని ఆమె కోరిక. మొరోజోవ్ ఆ పనిని గౌరవిస్తూనే ఒక సాదా ప్రశ్న వేశాడు. ఆ మాటలు అంటున్నది షేక్‌స్పియర్ కాదు కదా, పాత్ర కదా? అయితే ఒక్కో పాత్రకీ విడివిడిగా లెక్క తీద్దాం అన్నాడు. థియేటర్‌తో పనిచేసిన వాడికే తట్టే ప్రశ్న ఇది. నటుడికి కావలసింది తన పాత్ర మాటలే.

ఒథెల్లోకి భార్య డెస్డెమొనా మీద అనుమానం ఎక్కించేవాడు ఇయాగో. ముందు ఒథెల్లో మాటలు చూడండి. సముద్రం, ఆకాశం, చంద్రుడు, నక్షత్రాలు, రత్నాలు. వెనక్కి తిరగకుండా పారే పాంటిక్ సముద్రం లాంటిది తన పగ అంటాడు. పాలరాతి ఆకాశం మీద ఒట్టేస్తాడు. ఇక ఇయాగో మాటలు: మేకలు, కోతులు, ఈగలు, సాలెగూడు, పొట్టేలు, గాడిదలు, నీళ్ళలో ముంచి చంపే పిల్లులూ గుడ్డి కుక్కపిల్లలూ. ఒథెల్లో కింద పనిచేసే కాసియోని ఈగలా గూట్లో పడేస్తానంటాడు. ఒకడి నోట్లో విశ్వం, ఇంకొకడి నోట్లో దొడ్డి.

ఆపైన మొరోజోవ్ చూపించింది ఇది: మూడో అంకం మూడో రంగంలో ఇయాగో విషం ఎక్కించడం మొదలెట్టాక, ఇయాగో జంతువులు ఒథెల్లో నోట్లోకి వచ్చేస్తాయి. మేకల్లా, కోతుల్లా అంటూ డెస్డెమొనా గురించి ముందు చెప్పేది ఇయాగో. నాలుగో అంకంలో పెద్దమనుషుల ఎదుట ఉన్నట్టుండి ‘మేకలు, కోతులు!’ అని అరిచి వెళ్ళిపోయేది ఒథెల్లో. కప్పలు, కసాయికొట్టు దగ్గర ముసిరే ఈగలు, అన్నీ ఆయన మాటల్లోకి దిగుతాయి. మనిషి మనసు పట్టుబడక ముందే నాలుక పట్టుబడింది. చివరికి నిజం తెలిశాక మళ్ళీ రత్నాలు, ముత్యం తిరిగొస్తాయి. తన తెగ మొత్తం కంటే విలువైన ముత్యాన్ని విసిరేసుకున్న మనిషిలా అని తన గురించి చెప్పుకుంటాడు. ఆ మనిషి ‘ఇండియన్’ అని ఒక ప్రతిలో, ‘జుడియన్’ అని ఇంకో ప్రతిలో ఉంటుంది, అది వేరే చర్చ. ఒథెల్లో తన సొంత భాషని తిరిగి సంపాదించుకుని చచ్చిపోతాడు.

ఇందులో పార్టీ ఎక్కడుంది? ఒక్క వాక్యం చూపించమనండి మీ గైడ్ గారిని.

నేను దీన్ని క్లాసులో ఎలా వాడానో చెప్తాను. మా కాలేజీలో ఎక్కువమంది తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు. ‘ఒథెల్లో’ అనగానే టెన్షన్ పడేవాళ్ళు, గైడు పుస్తకం బట్టీపట్టేవాళ్ళు. ఒక ఏడాది గైడు పక్కన పెట్టించి, రెండు రంగుల పెన్నులు తెమ్మన్నాను. ఒథెల్లో నోట ఆకాశం, సముద్రం, రాయి, రత్నం వస్తే నీలం. ఎవరి నోటనైనా జంతువో పురుగో వస్తే ఎరుపు. అంతే పని. మూడో అంకం దాకా ఒథెల్లో పేజీలన్నీ నీలంగా ఉన్నాయి. నాలుగో అంకంలోకి వచ్చేసరికి వెనక బెంచీలో ఒక అమ్మాయి పుస్తకం పైకెత్తి, ‘సార్, ఈయన పేజీలో ఎర్రసిరా పడిపోయింది’ అంది. మొరోజోవ్ పేరు ఆ అమ్మాయికి అప్పటిదాకా చెప్పలేదు. ఆయన కనిపెట్టింది ఆమె తన చేత్తో మళ్ళీ కనిపెట్టింది. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఆ పాఠం అలాగే చెప్పాను.

ఒక జాగ్రత్త. నాటకంలో పదచిత్రాలు పాత్రతో పాటు మారుతూ పోతాయన్న సంగతి మొరోజోవ్ ఒక్కడే చెప్పాడని రాయకండి. జర్మన్ పండితుడు క్లెమెన్ 1936లోనే ఈ దారిలో పుస్తకం రాశాడు, అది ఇంగ్లీషులో 1951లో వచ్చింది. విల్సన్ నైట్ కూడా 1930లో ‘ఒథెల్లో’ సంగీతం గురించి రాశాడు. వీళ్ళని పక్కన పెట్టుకుని మొరోజోవ్‌ది ఎక్కడ వేరో చెప్తే మీ ప్రాజెక్టుకి బలం వస్తుంది. వైవాలో అడిగేది కూడా అదే.

ఏ పేజీని అనుమానించాలి

మీ గైడ్ గారి మాటలో నిజం ఉన్న చోటు ఇది. ఆ కాలపు వ్యాసాల్లో మొదటి రెండు పేజీలు, చివరి పేజీ జాగ్రత్తగా చూడండి. ‘పునర్వికాస కాలపు మహా మానవతావాది’, ‘ప్రజల కవి’, ‘వాస్తవికవాది’, ‘బూర్జువా విమర్శకులు వక్రీకరించారు’: ఇలాంటి మాటలు ఒకదాని వెంట ఒకటి వస్తే అది గేటు దగ్గర చూపించిన పాసు. మొరోజోవ్‌లోనూ ఉన్నాయి. వాటిని ఆయన ఆలోచనగా మీ ప్రాజెక్టులో ఎత్తి రాయకండి. అలాగని పూర్తిగా అబద్ధమని కొట్టేయకండి. షేక్‌స్పియర్ జానపద నాటకంనుంచి, సంతల్లో పాడే పాటలనుంచి ఎంత తీసుకున్నాడో మొరోజోవ్ నిజంగానే పట్టించుకున్నాడు. ‘ప్రజల కవి’ అన్నది ఆయన విషయంలో ఉత్త నినాదం కాదు. ఒక పేరాలో నాటకం నుంచి ఉదాహరణ ఉందా లేదా చూడండి. ఉంటే ఆగి చదవండి, లేకపోతే దాటేయండి. నలభై ఏళ్ళుగా నేను చేస్తున్నది ఇదే.

మొరోజోవ్ చెప్పనిది కూడా గుర్తుపెట్టుకోవాలి. 1947లో లండన్‌లో వచ్చిన ఆ చిన్న పుస్తకంలో సోవియట్ థియేటర్ అంతా వెలుగే. ఆ వెలుగు వెనక ఏం జరిగిందో అందులో ఉండదు. పాస్తెర్నాక్‌ని ‘హామ్లెట్’ అనువదించమని మొదట అడిగింది దర్శకుడు మెయెర్‌హోల్డ్. ఆ మెయెర్‌హోల్డ్‌ని 1939లో అరెస్టు చేసి, 1940లో కాల్చేశారు. లియర్ వేసిన మిఖోయెల్స్‌ని 1948 జనవరిలో మిన్స్క్‌లో చంపి, రోడ్డు ప్రమాదమని చెప్పారు. 1949 జనవరిలో పార్టీ పత్రిక ప్రావ్దా థియేటర్ విమర్శకుల మీద విరుచుకుపడింది. పాశ్చాత్యులకి సాగిలపడుతున్నారన్నది నేరం. మొరోజోవ్ వ్యాసం కేంబ్రిడ్జిలో అచ్చయింది సరిగ్గా ఆ ఏడాదే. అందుకని ఆయన మౌనాన్ని అంగీకారంగా చదవకండి. మౌనంగానే చదవండి.

అందరికీ మొరోజోవ్‌కి దొరికిన దారి దొరకలేదు. మీర్స్కీ అని ఒక రాకుమారుడు, లండన్‌లో పదేళ్ళు రష్యన్ సాహిత్యం బోధించి, 1932లో మాస్కోకి తిరిగొచ్చాడు. ఎలియట్‌ని, కొత్త ఇంగ్లీషు కవుల్ని రష్యన్ పాఠకులకి చూపించాలని సంకలనం తయారుచేశాడు. 1937లో పుస్తకం వచ్చేనాటికి ఆయన జైల్లో ఉన్నాడు, పుస్తకం మీద ఆయన పేరు లేదు. 1939లో మగదాన్ ప్రాంతపు శిబిరంలో పోయాడు. తత్యానా గ్నేదిచ్ లెనిన్‌గ్రాడ్‌లో ఇంగ్లీషు చెప్పే టీచరు. జైల్లో పడ్డాక బైరన్ ‘డాన్ జువాన్’ని జ్ఞాపకం మీద ఆధారపడి అనువదించడం మొదలెట్టింది. తర్వాత ఒక విచారణాధికారి ఆమెకి పుస్తకం, నిఘంటువు ఇప్పించాడు. ఆ అనువాదం 1959లో అచ్చయి, రష్యన్‌లో ఇప్పటికీ నిలబడింది. వీళ్ళ గురించి విడిగా అడగండి, విడిగానే రాయాలి.

అదృష్టం కొంచెం మెరుగ్గా ఉన్నవాళ్ళు తర్వాతి తరం. అలెగ్జాండర్ అనిక్స్ట్ తండ్రిని 1938లో కాల్చేశారు. తల్లి మాస్కోలో విదేశీభాషల విద్యాసంస్థ స్థాపించిన మనిషి, ఆమెనీ అరెస్టు చేశారు. అయినా కొడుకు స్మిర్నోవ్‌తో కలిసి 1957 నుంచి 1960 దాకా ఎనిమిది సంపుటాల షేక్‌స్పియర్ సంపాదకత్వం చేశాడు. పాస్తెర్నాక్ అనువాదాలు కొన్ని అందులోకి వచ్చాయి. నేను మాస్కోలో ఉండగా ఏ హాస్టల్ గదిలో చూసినా ఆ సంపుటాలు రెండో మూడో ఉండేవి. ‘ప్రముఖుల జీవితాలు’ వరసలో మొరోజోవ్ 1947లో షేక్‌స్పియర్ జీవితం రాస్తే, అదే వరసలో 1964లో అనిక్స్ట్ రాశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పదిహేడేళ్ళలో ఆ దేశంలో ఎంత గాలి ఆడిందో తెలుస్తుంది. అనిక్స్ట్ వాక్యాలు నెమ్మదిగా, భయం లేకుండా నడుస్తాయి.

మొరోజోవ్‌కి ఆ గాలి అందలేదు. 1952 మేలో, 55 ఏళ్ళకి పోయాడు. స్టాలిన్ పోవడానికి పది నెలల ముందు. వ్యాసాలు, ‘హామ్లెట్’ వచనానువాదం కలిపి 1954లో సంపుటంగా వచ్చాయి. తల్లి మార్గరీతా కొడుకు పోయాక ఇంకో ఆరేళ్ళు బతికింది.

ఇక మీ పని

మీకు రష్యన్ రాదన్నారు, ఫరవాలేదు. ఇంగ్లీషులో ఉన్నవే ఎం.ఏ. ప్రాజెక్టుకి చాలు. ముందు ‘షేక్‌స్పియర్ సర్వే’ రెండో సంపుటం యూనివర్సిటీ లైబ్రరీలో అడగండి. పాత సంపుటాలు అల్మరాలో కాకుండా స్టోరులో పెట్టేస్తుంటారు, లేదంటే నమ్మకుండా రెండోసారి అడగండి. ఆ వ్యాసం, మీ దగ్గరున్న వ్యాసం, స్పర్జన్, క్లెమెన్: ఈ నాలుగింటితో మొదటి అధ్యాయం అవుతుంది. సోవియట్ చరిత్రంతా అందులో కుక్కకండి. మొరోజోవ్ ఎవరో ఒక పేజీలో చెప్పి, ‘ఒథెల్లో’లోకి వెళ్ళిపోండి. గైడ్ గారితో వాదనకి దిగొద్దు. మూడో అంకం మూడో రంగం, నాలుగో అంకం ఒకటో రంగం రెండు రంగుల్లో గుర్తుపెట్టి ఆయన బల్ల మీద పెట్టండి.

ఇంకొక్క సంగతి. తర్వాతి మెట్టుగా దీనికి తెలుగు అనువాదాలు కలపాలని నా చిరకాల కోరిక, నాకు ఓపిక చాలలేదు. ఇయాగో జంతువుల్ని మన అనువాదకులు ఏం చేశారు? ‘మేకలు, కోతులు’ అలాగే ఉంచారా, తిట్టుగా మార్చారా, వదిలేశారా? వదిలేసుంటే ఒథెల్లో నోట్లోకి అవి వచ్చిన సంగతి తెలుగు ప్రేక్షకుడికి తెలిసే దారి లేదు. మీకు దొరికిన ఏ తెలుగు ‘ఒథెల్లో’ అయినా సరే, ఆ రెండు రంగాలూ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఎరుపు ఎక్కడ పడుతుందో కలిసి చూద్దాం.